వేర్లు పెరికిన గుమ్మటం

నబీ సాబ్ ఆ పాత గోరీ గడపలో నిలబడి పైకి చూశాడు. నిన్న వెంట్రుకంత ఉన్న బీట ఇవాళ వేలు పట్టేంత అయింది. వాన ఆగేట్టు లేదు. సరిగ్గా ఆ బీట కిందనే, పత్తి ఏరే కూలీలు గుంపుగా కూర్చుని సద్దిమూటలు విప్పుకుంటున్నారు.

ఎమ్మిగనూరు దారిలో వాన పడితే ఆ చుట్టుపక్కల చేలవాళ్లకు అదే దిక్కు. ఆదోని కోట మొగలాయిల చేతికొచ్చిన రోజుల్లో ఎవరో సర్దారు కోసం కట్టిన గోరీ అది. ఎనిమిది మూలల గది, రాతి జాలి కిటికీలు, గుమ్మటం మొదట్లో చుట్టూ తామర రేకులు. పక్కనే మూడు కమానుల చిన్న మసీదు, బారెడు మందం గోడలు. సర్దారు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు. సర్కారుకైతే ఆ కట్టడం ఉన్నట్టే గుర్తు లేదు. చిమ్మి, దీపం పెట్టేది నబీ సాబ్ ఒక్కడే. తాతల నాటి నుంచి అది వాళ్లింటి పని.

పోయిన నెల, పాత కట్టడాలు చూసే అధికారులు వస్తారని కబురొచ్చింది. ముసలాయనకు కాళ్లు నేల మీద నిలవలేదు. పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు గోరీని ముస్తాబు చేశాడు. గుమ్మటం నెత్తిన మొలిచిన రావిచెట్టును కొట్టించి, రాళ్ల సందుల్లోకి దిగిన వేర్లను గునపంతో పెరికించాడు. రాళ్ల మధ్య సున్నపు గచ్చు ఏనాడో పిండైపోయిందనీ, ఇన్నాళ్లూ రాళ్లను కావలించుకుని నిలబెట్టింది ఆ వేర్లేననీ పెరికాక గానీ తెలియలేదు. అధికారులు రాలేదు. బీట వచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. కాపలావాడే గోరీని పాడు చేశాడంటే ఇక ఊళ్లో తలెత్తుకు తిరగగలడా? వాన వెలిశాక గుట్టుగా గచ్చు నింపిద్దామనుకున్నాడు. వెలిస్తే కదా.

చిటికెడు సున్నం రాలి ఉరుకుందమ్మ సద్దిలో పడింది. ఆమె కూలీలకు పెద్ద. వేలితో తీసి పారేసి తింటూనే ఉంది.

"లెయ్యండమ్మా. అందరూ మసీదులోకి పాండి" అన్నాడు నబీ సాబ్.

ఉరుకుందమ్మ నవ్వింది. "ఆడోళ్లు మసీదు గడప తొక్కొద్దని పోయినేడు గసిరింది నువ్వే గదా సాబన్నా. ఈపొద్దు ఏమొచ్చె?"

"గుమ్మటం పడేట్టుంది."

"మా అవ్వ కాలం నుంచి ఎన్ని వానలు సూల్లేదు ఇది. ఈ వానకేనా పడేది?"

జవాబు నాలుక చివరికి వచ్చింది. అంతమంది కళ్లు తన మీదే ఉంటే దాన్ని మింగేశాడు.

"పాతబడింది కదమ్మా" అన్నాడు. అది తనకే అబద్ధంలా వినిపించింది. ఆడవాళ్లు మళ్లీ అన్నంలో పడ్డారు.

ఆ గుంపులోని కృప తన చంటిపిల్లను కిటికీల మధ్య కట్టిన చీర ఉయ్యాలలో పడుకోబెట్టి ఉంది. ఈసారి అరచేతంత పెళ్ల ఊడి ఆ ఉయ్యాల పక్కనే పడింది. నబీ సాబ్ ఇక ఆగలేదు. గబగబా పోయి, పిల్లను రెండు చేతులా ఎత్తుకుని వానలో మసీదు వైపు నడిచాడు.

"సాబన్నా, నా బిడ్డ" అంటూ కృప వెంటపడింది. ముసలోడికి మతి పోయిందని తిడుతూ ఉరుకుందమ్మ లేచింది. ఆమె వెంట మిగతావాళ్లూ లేచారు. పద్మ ఒక్కతే గిన్నె మూసుకుంటూ వెనకబడింది. ఆమె అడుగు బయటపెట్టిందో లేదో, వెనక గుమ్మటం కూలింది.

అందరూ మసీదు కమాను కిందకు చేరారు. కృప పిల్లను ఒక చేత్తో పొదువుకుని, రెండో చేత్తో నబీ సాబ్ చెయ్యి తీసి కళ్లకద్దుకుంది. "ప్రభువే నిన్ను పంపినాడన్నా."

ఆ మాట ఆయన ఓర్చుకోలేకపోయాడు. "నాకు మొక్కొద్దు తల్లీ. ఆ గుమ్మటాన్ని పట్టుకోనుండిన వేర్లు పెరికించింది నేనే. బీట పడినప్పటినుంచీ నాకు తెలుసు. సిగ్గై సెప్పలేకపోయినా."

కృప చెయ్యి వదిలేసింది.

ఉరుకుందమ్మ రాళ్లకుప్ప వైపు చూసింది, తరువాత ఆయన వైపు చూసింది. "పడతాదంటివి గానీ ఎందుకు పడతాదో సెప్పకపోతివే. ఆ ఒక్క మాట సెప్పింటే మేమే ఉరికొచ్చింటిమి గదా. పసిబిడ్డని దొంగ మాదిరి ఎత్తుకొచ్చే పనేమి నీకు?"

నబీ సాబ్ చూపు మూలనున్న పద్మ మీదికి పోయింది. మూసిన గిన్నెను ఆమె ఇంకా గుండెలకు హత్తుకునే ఉంది.