ఐసు చేపకు వంక పెట్టినందుకు

హనుమత్ప్రసాద్‌కు నోటిదూల ఎక్కువ. లేకపోతే పంజాగుట్ట నుంచి తెచ్చిన చేపతో ఆదివారం హైమవతి పులుసు పెడితే, నోరు మూసుకుని తినక, "ఇది చేపేంటి, ఐసుగడ్డ! నేను పట్టి తెస్తే తెలుస్తుంది చేపంటే ఏంటో" అంటాడా?

హైమవతి గరిటె కింద పెట్టింది. "సరే. మీరు పట్టి తెచ్చిన రోజే ఈ ఇంట్లో చేపల పులుసు."

ఆవిడ మాటంటే మాటే. యూసుఫ్‌గూడలోని ఆ అద్దెవాటాలో ఆ తర్వాత ప్రతి ఆదివారం వంకాయో బెండకాయో. పులుసు లేకపోతే అది ఆదివారమే కాదనుకునే మనిషికి ఇంతకంటే శిక్షేముంటుంది?

వాళ్లది ఆకివీడు వైపు. నాన్నకు చేపల చెరువులున్నాయి కాబట్టి చేపల గురించి తనకు తెలియనిది లేదని ప్రసాద్ ధీమా. అక్కడ వలలు లాగింది కూలీలని, తను మైత్రీవనం కంప్యూటర్ సెంటర్లో జావా పాఠాలు చెప్పడమే తప్ప గాలం ముట్టలేదని అయ్యగారికి గుర్తు రాలేదు.

కింది వాటా రాజనర్సయ్యతో కలిసి ఆదివారాలు ఊరవతల చెరువుకు పోవడం మొదలుపెట్టాడు. ఎర్రలు గుచ్చితే ఎర్రలు పోయేవి, చేప పడేది కాదు. ఒకసారి తెగిన చెప్పు పడింది. ఒకసారి సొంత చొక్కాయే పడింది. పక్కన రాజనర్సయ్య నోట్లో బీడీ తియ్యకుండానే ఒక్కొక్కటీ లాగేవాడు.

"ఒకటి తీస్కపో సార్. నువ్వే పట్టినవని అమ్మకు చెప్త."

"వద్దండీ. నా గాలానికే పడాలి."

ఎండకు ముక్కు మీద తోలు లేచింది. పంతం మాత్రం తగ్గలేదు.

ఓరోజు క్లాసులో ఉండగా నాన్న గుర్తొచ్చాడు. చిల్లుల సంచిలో తవుడు పోసి, రోజూ ఒకే వేళకు, ఒకే చోట గెడకు కట్టేవాడు. ఆ వేళకు చేపలు వాటంతటవే వచ్చేవి. అంతే, మర్నాటి నుంచి ప్రసాద్ తెల్లవారుజామునే తవుడు సంచితో చెరువుకు బస్సెక్కసాగాడు. ఓరోజు పంజాగుట్ట స్టాపులో స్టూడెంట్లు చూసి, "బర్రెను కొన్నారా సార్?" అనడిగారు.

ఆదివారం వచ్చింది. తవుడు ముద్ద గుచ్చి కూర్చున్నాడు. చేపలు గుంపులుగా వచ్చాయి. వచ్చి, పక్కనే కూర్చున్న రాజనర్సయ్య గాలానికి పడ్డాయి.

"నీ తవుడు మస్తు పనిచేస్తుంది సార్," అన్నాడతను పెద్ద బొచ్చె చేపను లాగుతూ.

ప్రసాద్‌కు ఏడుపొక్కటే తక్కువ. గాలం కర్ర నీళ్లలోకి విసిరి పోదామనిపించింది. పోలేదు. ఎండ నెత్తికెక్కాక బెండు మునిగింది. లాగాడు. వేలెడంత చేప.

"గీ పిల్లనేం జేస్తవు, ఇడిచిపెట్టు. నా బొచ్చె తీస్కపో."

ప్రసాద్ దాన్ని బకెట్లో వేసుకున్నాడు.

హైమవతి బకెట్లోకి చూసింది. తోలు లేచిన ఆయన ముక్కు వంక చూసింది. నవ్వలేదు. స్టూలెక్కి, అటక మీద పెట్టేసిన పెద్ద పులుసు దాక దింపింది.

"దీనికి అంత దాకెందుకే?"

"పులుసన్నా కడుపు నిండా తిందాం. నేను తిని మాత్రం ఎన్నాళ్లయింది?"

ఆవిడ కూడా ఇన్నాళ్లూ ఆ వంకాయే తిన్నదన్న సంగతి ప్రసాద్‌కు అప్పుడు తట్టింది. వెళ్లి చింతపండు నానబెట్టాడు.

భోజనాల దగ్గర ఆ ఒక్క చేపనూ తీసి ఆవిడ కంచంలో వేశాడు. తను ఉత్త పులుసే కలుపుకుని తిన్నాడు, ఏ వంకా పెట్టకుండా.