పది పీలికల కట్ట

మిషన్లన్నీ పై అంతస్తుకు మారుతున్నాయని టేపు మేస్త్రి చెప్పిన శనివారం, అమ్మ ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుంది. ఎప్పుడు చూసినా మెడలో కొలతల టేపుతో తిరుగుతాడని ఆయనకు ఆ పేరు పెట్టారు. అమ్మా, పిన్నీ ఇద్దరూ ఆయన దగ్గరే చొక్కాలు కుడతారు. అమ్మ కాలర్లు, పిన్ని చేతుల పట్టీలు.

"ఎన్ని మెట్లు?" అని అడిగాను.

"ఇరవై రెండు," అంది అమ్మ. "పదహారు రోజుల గడువు. ఎక్కి రాగలిగినవాళ్లకి మిషను ఉంటుందట. ఎక్కలేనివాళ్లు గుండీలు ఇంటికి తెచ్చుకుని కుట్టుకోవచ్చట."

గుండీలంటే చేతిసూది పని. అమ్మకు కీళ్లవాతం వచ్చి మూడేళ్లయింది. పొద్దున్నే ఆమె వేళ్ల కణుపులు గోలీల్లా ఉబ్బి ఉంటాయి. సూదిలో దారం ఎక్కించేది నేనే. మిషను మీదయితే గుడ్డను అరచేత్తో తోసుకుంటూ పోతుంది కాబట్టి ఎవరికీ తేడా తెలియదు. గుండీల పని ఇస్తాననడమంటే, పని లేదని మర్యాదగా చెప్పడమే.

చేతుల సంగతి అలా ఉంటే, మెట్లకు అడ్డం కుడి మోకాలు. మా గుమ్మం ముందున్న రెండు మెట్లకే అమ్మ తలుపు రెక్క పట్టుకుంటుంది.

సోమవారం ఆసుపత్రిలో ఫిజియో దగ్గరకు వెళ్లాం. ఆవిడకు పిన్ని వయసు ఉంటుంది. మెట్ల సంగతీ, గడువూ విని, అమ్మను కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోమంది. కాలు మెల్లగా చాపి, ఐదు అంకెలు లెక్కపెట్టి, అంతే మెల్లగా దించాలి. ఉదయం పదిసార్లు, సాయంత్రం పదిసార్లు. చదునైన దారిలో పది నిమిషాల నడక. గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచి గుప్పిట మూసి తెరవాలి, బిగించకూడదు.

"ఒక్క మాట గుర్తుపెట్టుకోండి," అంది. "చేసిన రెండు గంటల తర్వాత నొప్పి ముందుకంటే ఎక్కువగా ఉంటే, మీరు ఎక్కువ చేసినట్టు. తర్వాతిసారి తగ్గించాలి. కీలు వేడెక్కినా, వాచినా ఆపేసి నా దగ్గరికి రండి."

అమ్మ బుద్ధిగా తల ఊపింది. బయటకు వచ్చాక మాత్రం, "పదిసార్లట. పదికి ఏం ఒరుగుతుందే," అంది.

ఆ సాయంత్రం అమ్మ వంటగదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను లెక్కపెట్టాను. "పది" అని ఆగాను.

"ఆగుతావేం. కట్ట పూర్తి కానీ."

వాళ్ల పనిలో కాలర్లు కట్టలుగా వస్తాయి. కట్టకు ఇరవై నాలుగు. ఒకసారి కట్ట విప్పితే, ఆ ఇరవై నాలుగూ అయ్యేదాకా ఎవరూ లేవరు. మధ్యలో లేస్తే కొలతలు కలిసిపోతాయి, పెద్ద చొక్కాకు చిన్న కాలరు పడుతుంది. పద్దెనిమిదేళ్లుగా అమ్మ మధ్యలో లేవలేదు. దాహం వేసినా లేవదు. ఒకసారి నేను జ్వరంతో ఉన్నానని కబురు వెళితే కూడా, మిగిలిన ఆరు కాలర్లు కుట్టాకే వచ్చిందని పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

కాబట్టి ఇరవై నాలుగు లెక్కపెట్టాను. మర్నాటి నుంచి పూటకు ఒక కట్ట. బుధవారానికి పూటకు రెండు. నేను రోజూ డైరీలో ఎన్ని కట్టలో రాసుకున్నాను. ఫిజియో చెప్పింది పది అని నాకు తెలుసు. అమ్మకూ తెలుసు.

గురువారం సాయంత్రం పిన్ని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమే మాటల మూటా, మీ అమ్మ ఇప్పుడు కాళ్లతో కూడా కాలర్లు కుడుతోందా?"

నేను రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. అందుకే పిన్ని నన్నలా పిలుస్తుంది.

"పిండి కొద్దీ రొట్టె," అంది అమ్మ, కాలు దించకుండానే. "ఎంత చేస్తే అంత గుణం."

పిన్ని నవ్వలేదు. కూర్చుని, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "అక్కా, నేను చెప్పకపోయినా నీకు తెలుస్తుంది. ఇవాళ నువ్వు భోజనానికి లేచినప్పుడు మేస్త్రి ఒక కొత్తపిల్లని నీ మిషను మీద కూర్చోబెట్టి చూశాడు. కాలరు మూల తిప్పడం రాలేదులే దానికి. కానీ చూశాడు," అంది.

పిన్ని వెళ్లాక అమ్మ మూడో కట్ట మొదలుపెట్టింది. ఆ పూట డెబ్బై రెండుసార్లు కాలెత్తింది. చివరి పదీ ఎత్తేటప్పుడు పై పెదవి మీద చెమట పట్టింది. నేను లెక్కపెడుతూనే ఉన్నాను.

శనివారం పొద్దున అమ్మ గోడ పట్టుకుని వంటగదిలోకి నడిచింది. నేను చాప చుడుతూ చూశాను. ఆమె కూర్చున్నాక వెళ్లి మోకాలి మీద చెయ్యి వేశాను. ఇస్త్రీ చేసి పక్కన పెట్టిన గుడ్డలా వేడిగా ఉంది. చిప్ప చుట్టూ ఉండే గుంటలు కనపడటం లేదు.

"ఫిజియోకి చెప్పకు," అంది అమ్మ. "చెబితే ఆపమంటుంది. ఆపితే మేస్త్రికి పండగే."

"చెప్పను," అన్నాను. చెప్పకుండా ఉండటం నాకు చేతనైన పని.

సోమవారం మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. మెట్లు ఎక్కాల్సిన రోజుకు ఇంకా వారం ఉంది. ఫిజియో చేతి వెనక వైపుతో ముందు ఎడమ మోకాలు, తర్వాత కుడి మోకాలు తాకింది. మళ్లీ ఎడమది తాకి చూసింది.

"ఎన్నిసార్లు చేస్తున్నారు?"

"మీరు చెప్పినట్టే. పది," అంది అమ్మ.

ఆవిడ కాగితం ముందుకు లాక్కుంది. "పదికే ఇంత వాచిందంటే ఇది మీకు పడనట్టే. వ్యాయామం పూర్తిగా ఆపేద్దాం. పెద్ద డాక్టరుకి చీటీ రాస్తాను. ఈ నెల మెట్ల ఊసే ఎత్తకండి."

కలం కాగితం మీద కదలడం మొదలైంది. అమ్మ ఇప్పుడైనా నిజం చెబుతుందేమోనని చూశాను. చెప్పలేదు. కళ్లతోనే నన్ను కూడా ఊరుకోమంది. అబద్ధం చెబితే మిషను పోతుంది, నిజం చెబితే పరువు పోతుంది, రెండింటి మధ్యా ఆమె కదలలేకపోతోంది.

ఆ చీటీ పూర్తయ్యేలోగా ఏదో ఒకటి చెయ్యాలి. బడి సంచిలోంచి డైరీ తీసి, పేజీ తిప్పి, ఆ కాగితం మీదే పెట్టాను. అందులో ఇంకా ఏమేం రాసి ఉన్నాయో ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఫిజియో చదివింది. "కట్ట అంటే?" అని అమ్మను కాదు, నన్ను అడిగింది.

"ఇరవై నాలుగు." నా మాట నాకే సరిగా వినపడలేదు.

"పూటకి రెండు కట్టలు. గురువారం సాయంత్రం మూడు." పేజీ కిందికి చూపు జారింది. ఇంకేదో చదివి డైరీని అమ్మ చేతిలో పెట్టింది. అక్కడ నేను రాసింది ఇది: అమ్మ గోడ పట్టుకుని నడిచింది. నేను చూడనట్టు చాప చుట్టాను. లెక్కపెట్టింది నేనే కదా.

అమ్మ దాన్ని చదివి మూసింది.

"మీ మిషనుతో ఒక్కరోజులో వారం పని చేయిస్తే ఏమవుతుంది?" అని అడిగింది ఫిజియో.

"మోటారు కాలుతుంది," అంది అమ్మ నేలను చూస్తూ.

"మోటారు పోతే ఇంకోటి బిగించుకుంటారు. దీనికి బిగించడానికి నా దగ్గర వేరే మోకాలు లేదమ్మా." చీటీని మడిచి పక్కన పెట్టింది. "మూడు రోజులు చల్లటి తడిగుడ్డ వెయ్యండి. పడుకుని మడమను పరుపు మీద మెల్లగా వెనక్కి జరపడం, ఐదుసార్లు, అంతే. వేడి పూర్తిగా తగ్గితేనే మళ్లీ పది. తగ్గకపోతే డాక్టరు దగ్గరికే. సోమవారానికి ఎక్కగలరని మాత్రం నేను మాట ఇవ్వలేను."

దారిలో అమ్మ నాతో మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. సాయంత్రం నా లంగా అంచు ఊడితే కుట్టడానికి సూది తీసి, దారం తానే ఎక్కించుకోబోయింది. పక్కనే కూర్చున్నా నాకు ఇవ్వలేదు. దారం కొస నోటితో తడిపి, సూదిని వెలుతురుకు ఎత్తి, మళ్లీ మళ్లీ గురి తప్పింది. చివరికి సూదిని గోడకున్న క్యాలెండరుకు గుచ్చి లేచింది. క్యాలెండరులో సోమవారం చుట్టూ అంతకుముందే పెన్నుతో గీసిన సున్నా ఉంది.

నేను అమ్మ పని నుంచి తెచ్చే పీలికల సంచి దించాను. కాలరు గుడ్డ ముక్కల్లోంచి పది పీలికలు ఒకే పొడవున కత్తిరించి, అమ్మ వేసే ముడే వేసి కుర్చీలో పెట్టాను.

బుధవారం పొద్దున ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. రెండు రోజుల తర్వాత నాతో మాట్లాడింది.

"ఇదేంటి?"

"కట్ట."

"కట్టకి ఎన్ని?"

"పది."

"ఏ కొలతదే?"

"నీ కొలతది."

అమ్మ పీలికలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. తడిగుడ్డ మార్చమని కాలు ముందుకు పెట్టింది.

గురువారం సాయంత్రానికి మోకాలి గుంటలు మళ్లీ కనపడ్డాయి. అయినా ఫిజియోకి చూపించి, ఆవిడ సరేనన్నాకే శుక్రవారం పొద్దున మొదలుపెట్టాం. కాలు ఒకసారి ఎత్తి దించితే ఒక పీలిక డబ్బాలో వేయాలి. పదోది పడ్డాక అమ్మ చెయ్యి అలవాటుగా పక్కకు వెళ్లింది. అక్కడ ఏమీ లేదు.

"ఇంకో కట్ట ఏది?"

"సాయంత్రం వస్తుంది."

"మేస్త్రి నయం నీకంటే," అంది అమ్మ. కానీ లేచింది.

శనివారం ఫిజియో తన గదిలోని మూడు మెట్ల చెక్కబల్ల మీద నేర్పింది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. చెయ్యి కమ్మీ మీద ఉండాలి. అలసట వచ్చాక కాదు, రాకముందే ఆగాలి. మూడు మెట్లు ఎక్కీ దిగీ అమ్మ నన్ను చూసింది. ఇరవై రెండులో మూడు ఎంత చిన్న లెక్కో ఇద్దరికీ తెలుసు.

సోమవారం బడికి వెళ్లేముందు అమ్మతో పాటు వెళ్లాను. మెట్లు భవనం పక్కన, బయటినుంచే ఉన్నాయి. ఒకవైపు గోడ, ఒకవైపు ఇనుప కమ్మీ. పైన వాకిట్లో టేపు మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఆయన వెనక ఎవరో నాకంటే కాస్త పెద్ద అమ్మాయి, చేతిలో కత్తెరతో. కొత్తపిల్ల ఆమే అయి ఉంటుంది.

అమ్మ ఎడమ కాలు వేసింది, కుడి కాలు తెచ్చి పక్కన కలిపింది. తొందరపడలేదు. వెనక పిన్ని, పిన్ని వెనక నేను, మా వెనక పదిమంది ఆడవాళ్లు. నేను లోపల లెక్కపెడుతున్నాను. పదో మెట్టు మీద అమ్మ ఆగిపోయింది.

వెనక వరస మొత్తం ఆగింది. ఎవరిదో భోజనం డబ్బా గోడకు తగిలి మోగింది.

"ఏమ్మా, అక్కడే నిలబడ్డావు," అన్నాడు మేస్త్రి. "ఎక్కలేకపోతే పక్కకి జరిగి దారి ఇవ్వు."

"మేస్త్రిగారూ, కట్ట మధ్యలో మనిషిని లేపుతారా ఎక్కడైనా?" అంది పిన్ని.

"మధ్యలో కాదే," అంది అమ్మ, వెనక్కి తిరగకుండా. "ఒక కట్ట అయింది. రెండోది విప్పుతున్నా."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రి నవ్వలేదు. అమ్మ కమ్మీ పట్టుకుని నాలుగు ఊపిర్లు తీసుకుంది. కమ్మీ మీద ఆమె వేళ్ల కణుపులు కనపడుతున్నాయి. మళ్లీ ఎడమ కాలు వేసింది. ఇరవయ్యో మెట్టు మీద ఇంకోసారి ఆగింది. చివరి రెండూ ఎక్కి మేస్త్రి ఎదురుగా నిలబడింది.

ఆయన ఆమె ముఖం చూశాడు, కాళ్లు చూశాడు. "ఇవాళ ఎక్కావు సరే. రేపు?"

"రేపటి సంగతి రెండు గంటలాగి చెప్తా," అంది అమ్మ.

ఆయనకు అర్థం కాలేదు. అయినా తప్పుకుని దారి ఇచ్చాడు.

నేను బడికి వెళ్లలేదు. దారపు కండెల పెట్టె పక్కన కూర్చున్నాను. అమ్మను పంపించమని ఎవరూ అనలేదు, ఉండమని కూడా అనలేదు. కొత్తపిల్ల అమ్మ మిషను వెనకే నిలబడి చూస్తోంది. గోడ గడియారం తొమ్మిది దాటింది. పది దాటింది. నా కళ్లు ఆ గడియారానికీ, బల్ల కింద తొక్కుడు మీద ఉన్న అమ్మ కుడి పాదానికీ మధ్య తిరుగుతూ ఉన్నాయి.

పదకొండు కొట్టేసరికి అమ్మ ముందు సగం కట్ట ఉంది. కుడుతున్న కాలరు మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, మిషను ఆపి లేచింది.

చుట్టూ మిషన్ల చప్పుడు తగ్గింది. పిన్ని తన చేతిలో పట్టీ అలాగే పట్టుకుని తిరిగి చూసింది.

"కట్ట మధ్యలో లేచావేం?" అన్నాడు మేస్త్రి, అవతలి చివరినుంచి.

అమ్మ వచ్చి నా ఎదురుగా పీట మీద కూర్చుని, చీర కుచ్చిళ్ల మీదుగా మోకాలు నా వైపు పెట్టింది. నేను చేతి వెనక వైపుతో ముందు ఎడమది తాకాను. తర్వాత కుడిది. నా చెయ్యే చల్లబడిపోయి ఉందేమోనని బుగ్గకు ఆనించి చూసుకుని, మళ్లీ రెండూ తాకాను.

"రెండూ ఒకేలా ఉన్నాయి," అన్నాను. ఈసారి గది మొత్తానికి వినపడింది.

"నొప్పి పొద్దుటంతే ఉంది," అంది అమ్మ, మేస్త్రి వైపు తిరిగి. "రేపు కూడా వస్తాను. మధ్యలో రెండుసార్లు ఆగుతాను. కుట్టేటప్పుడు కూడా అప్పుడప్పుడు లేస్తాను. గీత గీసుకుంటే కొలతలు కలవవు."

ఆయన వచ్చి సుద్దగీత చూశాడు. టేపు కొస వేలికి చుట్టుకుని విప్పాడు. తర్వాత కొత్తపిల్లకు కిటికీ పక్కన ఖాళీగా ఉన్న పట్టీల మిషను చూపించాడు. "నువ్వు అక్కడ కూర్చో."

అమ్మ తన మిషను దగ్గరకు నడిచింది. కూర్చుని, గీత దగ్గర సూది దించింది.

"ఇంక బడికి పో," అంది నాతో. "దిగేటప్పుడు కమ్మీ పట్టుకో."