పుర్రచేతి కుట్టు

మా పుర్రచేతి అక్కని పోలీసులు జీపులోకి తోసింది నా కళ్ళముందే. ఆమె వేళ్ళకి ఇంకా దారం చుట్టుకునే ఉంది.

"లేబుళ్ళు మార్చింది ఇదే సార్," అన్నాడు ఓనరు, పెట్టెలోంచి తీసిన చొక్కా కాలరు తిప్పి చూపిస్తూ. "కుట్లు ఎడమకి వాలి ఉన్నాయి చూడండి. నా ఫ్యాక్టరీలో ఎడమచేత్తో కుట్టేది ఇదొక్కతే."

ఒళ్ళు మండిపోయింది నాకు.

అసలు సంగతి వినండి. సముద్రానికి అవతల ఒక పెద్దమనిషి కాగితం మీద సంతకం గిలికాడు. మన సరుకు మీద సుంకం రెండింతలట. ఎవర్నీ అడిగింది లేదు, పొద్దున సంతకం, సాయంత్రానికి అమలు. మా చొక్కాల పెట్టెలు రేవులో ఆగిపోయాయి. మూడోరోజు ఓనరు ఆ సుంకం లేని పక్కదేశం పేరున్న లేబుళ్ళు బస్తాడు తెచ్చి మా బల్లల మీద కుమ్మరించాడు. "పాతవి విప్పి ఇవి కుట్టండి. మెషీన్ మీద వద్దు, పాత సూది చిల్లులు బయటపడతాయి. చేత్తోనే!" అన్నాడు. రెండు వందల మందిమి తలొంచుకుని కుట్టాం. అది మా తప్పే, ఒప్పుకుంటున్నాను. ఆ తర్వాత మన సర్కారూ ఒక ఉత్తర్వు తీసింది. లేబుల్ మార్చినవాళ్ళకి జైలు. మార్పించినవాడి ఊసే అందులో లేదు!

భోజనాల షెడ్డులో గొడవ మొదలైంది.

"మనకెందుకే తల్లీ, ఉన్న పని కాస్తా ఊడుతుంది," అంది బొత్తాల పిన్ని.

"నీ కుట్లు కుడికి వాలాయి కాబట్టి నువ్విక్కడ అన్నం తింటున్నావు పిన్నీ. అక్కకి పాలు తాగే పిల్ల ఉంది. పొద్దుట్నుంచీ ఏడుస్తోంది, తెలుసా?" అన్నాను.

పిన్ని ఎత్తిన ముద్ద దించేసింది.

"వాళ్ళకి సాక్ష్యం ఆ ఎడమ కుట్టేగా? ఆ సూది ఇలా ఇవ్వు," అంది.

"కుడిచేత్తో కుట్టిన బొత్తామే నిలవదు నీకు!" అన్నాడు ఇస్త్రీ బాబాయి.

"నోర్ముయ్, నువ్వూ పట్టు."

మర్నాడు మిగిలిన పెట్టెలు పట్టుకుపోవడానికి ఆఫీసరు వచ్చేసరికి హాల్లో ఒక్క మెషీనూ తిరగడం లేదు. అందరి ఎడమచేతుల్లోనూ సూదులున్నాయి. గుడ్డముక్కల మీద లేబుళ్ళు కుడుతున్నాం. వేళ్ళు గుచ్చుకుని నెత్తురొస్తోంది, అయినా ఎవరూ ఆపలేదు. ఆఫీసరు ఒకటి తీసి చూశాడు. ఇంకోటి చూశాడు. పది చూశాడు. అన్నీ ఎడమకే వాలి ఉన్నాయి.

"ఇదేం నాటకం?"

"ఆవిడ మీ లాకప్పులో ఉంది కదా సార్," అంది పిన్ని. "మరి ఇవెవరు కుట్టారు? ఇది చూసేనా ఒక పసిదాని తల్లిని లాక్కుపోయారు?"

"సరే, ఆ లేబుళ్ళు కుట్టమన్నదెవరు?"

రెండు వందల ఎడమచేతులు లేచి, పైన ఓనరు కూర్చునే అద్దాల గదిని చూపించాయి. లోపల ఎవరో గబుక్కున తెర లాగారు.

ఆఫీసరు కలం జేబులో పెట్టేసుకున్నాడు.

"రాసుకోండి సార్!" అని అరిచాను. "రాయకపోతే మమ్మల్నీ పట్టుకుపోండి. అక్కతోపాటు కుట్టినవాళ్ళమే అందరం!"

"జీపులో ఇంతమంది పడతారా? పోండి, పని చూసుకోండి."

పిన్ని సూదిని జాకెట్టుకి గుచ్చుకుని లేచింది.

"మీ జీపెవడిక్కావాలి? స్టేషన్‌కి నడిచే వస్తాం," అంది.

బెంచీలన్నీ ఒక్కసారే కదిలాయి.