మోత మానిన సైకిల్

హిందూపురం నుంచి కొత్త గేర్ల సైకిల్ తెచ్చుకున్న రోజే మా ధర్మవరం వీధి మొత్తం గుమ్మాల్లోకి వచ్చింది. తొక్కడం ఆపితే చాలు, వెనక చక్రం నడిమి హబ్బు టకటకటకమని ఒకటే మోత. కొత్త సైకిల్‌కి అప్పుడే రోగమా అని నాకు ఏడుపొచ్చింది. కొన్న షాపుకు ఫోన్ చేస్తే, అది లోపం కాదు, ఆ రకం హబ్బు అంతే అన్నారు. తొక్కినంతసేపూ గమ్మునుంటుందట, కాళ్లు ఆపితేనే అరుస్తుందట. మరీ ఇబ్బందైతే లోపల గ్రీజు పెట్టించుకోమన్నారు.

మా ఉలిగమ్మవ్వకు మాత్రం ఆ మోత తెగ నచ్చేసింది. ఆమెకు చూపు ఆనదు గానీ చెవులు మాత్రం పాము చెవులు. జన్మంతా పట్టుచీరలు నేసిన మనిషి. మా వీధిలో మగ్గం మోగుతోందంటే లోపల మనిషి పని చేస్తున్నట్టు, ఆగిందంటే కునుకు తీస్తున్నట్టు. నా సైకిల్‌కీ ఆ లెక్కే కట్టింది.

"ఎంత కష్టపడి తొక్కతాండావే ఝాన్సీ! సందు మొదట్లో నుంచే ఇనపడతాది," అని మురిసిపోయేది. అది నేను కాళ్లు ఊరికే పెట్టుకుని వస్తున్న మోత అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇంతలో పెనుకొండ నుంచి ధర్మవరం దాకా అమ్మాయిల సైకిల్ పందెం పెట్టారు. మొదట వచ్చినవాళ్లకే జిల్లా జట్టులో చోటు. ఆ చోటు కోసం నేను పడిచస్తున్నాను. హిందూపురం నుంచి సాధనకు వచ్చే మహేశ్వరి కూడా అంతే. సాధన చేసేటప్పుడు ఆమె ఎప్పుడూ నా వెనకే ఉండేది. నా హబ్బు టక్కుమనగానే, నేను అలిసిపోయానని పసిగట్టి నన్ను దాటి దూసుకుపోయేది. నా అలుపును నా సైకిలే దండోరా వేస్తుంటే ఒళ్లు మండిపోదా!

పందెం ముందురోజు సాయంత్రం చక్రం ఊడదీసి, గ్రీజు డబ్బా మూత తీశాను. అవ్వ వాసన పట్టేసింది.

"సప్పుడు తీసేస్తే నువ్వు వస్తాండేది నాకెట్ల తెలుస్తాదే? రేపు మన వీధి మలుపు కాడ కూసుంటా. అందరికన్నా ముందు నీ సప్పుడే ఇనాల నేను."

విసుక్కుంటూనే డబ్బా మూసేశాను. ఇక మోత మాన్పడానికి మిగిలింది ఒక్కటే దారి, కాళ్లు ఆపకపోవడం.

ఆపలేదు. పెనుకొండ దాటాక వచ్చిన పల్లంలో అందరూ కాళ్లకు విశ్రాంతి ఇస్తుంటే నేను పిచ్చిదానిలా తొక్కాను.

"ఏమే, నీ సైకిల్‌కి నోరు పడిపోయిందా?" వెనకనుంచి మహేశ్వరి అరిచింది.

జవాబు చెప్పడానికి ఊపిరుంటే కదా! తొడలు మండిపోతున్నాయి. ఆమె నా హబ్బు మోత కోసం కాచుకుని ఉంది. మోత రాలేదు. చివరి ఎత్తులో ఆమె రొప్పు మెల్లగా వెనకబడిపోయింది. నాకు కేక పెట్టాలన్నంత సంతోషం!

మా మలుపు దగ్గర కుర్చీలో అవ్వ, పక్కనే నాయన. చడీచప్పుడు లేకుండా వాళ్లను దాటేశాను.

"అందరూ అరస్తాండారే, మన పిల్ల ఇంకా రాలేదేమప్పా?" అవ్వ గొంతులోని దిగులు నా వీపుకు తగిలింది.

అక్కడికి నలభై గజాల్లోనే గెలుపు గీత. దాటాను. నేనే మొదట! అప్పుడు ఆపాను కాళ్లు.

టకటకటకటక!

"వచ్చె! నా ఝాన్సీ వచ్చె!" అవ్వ కుర్చీలోంచి లేచిపోయింది.

తిరిగొచ్చి ఆమెను వాటేసుకున్నాను. "అవ్వా, నేనే గెలిచినా! నేను తొక్కేటప్పుడు ఇది మోగదు. ఊరికే కూసుంటేనే మోగేది."

అవ్వ తడుముకుని నా చెవి దొరకబుచ్చుకుంది.

"అయితే ఇన్ని దినాలూ వీధిలోకి వచ్చేటప్పుడల్లా ఊరికే కూసోని వస్తాంటివా, దొంగదానా!"