హంపమ్మ అగ్గిపెట్టెలు

“ఏమప్పా గోపీనాథూ, చాయ తాగి గ్లాసు మంచం కిందికి తోసినావు, బీడీ ముక్క దాంట్లోనే కుక్కినావు. పెండ్లాం ఎత్తుతాదిలే అనేగా? ఎత్తుతాది. ఎత్తి యాడ పెడతాదో ఎప్పుడన్నా చూసినావా?”

నా అక్క కొడుకు నవ్వాడు. నవ్వనీ. ఏడేళ్లు నేనూ అట్లే నవ్వాను.

బేతంచెర్లలో మా ఎదురింటి హంపమ్మ పాలీషు ఫ్యాక్టరీలో బండలు మోసేది. పొద్దంతా మోసి ఇల్లు చేరేసరికి, ఆమె మొగుడు సుంకప్ప అరుగు మీద మేమంతా కూర్చుని ఉండేవాళ్లం: నేను, లారీలకు లోడు ఎత్తించే మేస్త్రీ ఉరుకుందప్ప, ఇంకో ఇద్దరు. ఆమె కాళ్లు కడుక్కోకముందే మాకు చాయ రావాలి. మేం లేచాక మా గ్లాసులూ బీడీ ముక్కలూ ఆమెవే.

ఆమె చెల్లెలు శివకుమారి తొంభై తొమ్మిదిలో గని గుంతలో శవమై తేలింది. చెరిచి చంపారని డాక్టరు రాశాడు. ఎవరన్నది తెలియలేదు. పోలీసులు ఆ పిల్ల బట్టలు మూట కట్టుకుపోయారు, కేసు అక్కడితో ఆగింది. ఆ తర్వాత ఊరు మాట్లాడిందంతా ఆ పిల్ల గురించే. “మంచిదైతే గుంతకాడికి ఎందుకు పోతాది?” అని అందరికంటే గట్టిగా అనేది ఉరుకుందప్ప. హంపమ్మ చాయ పోస్తూ వినేది. “సచ్చినదాని మాట ఇప్పుడెందుకు, చక్కెర ఇంకొంచెం ఎయ్యి” అనేవాడు సుంకప్ప.

రెండు వేల ఆరులో ఒక సాయంత్రం అరుగు మీద పేపరు చదివాను. నాది ఐదో తరగతి; సగం చదువుతాను, సగం కల్పిస్తాను. తేలని కేసుల్లో దొరికిన రక్తం, ఎంగిలి గుర్తులు హైదరాబాదులో కంప్యూటర్లో దాచి, కొత్తగా వచ్చినవాటితో కలిపి చూస్తారని ఉంది.

“హంపమ్మా, నీ చెల్లెలి కేసు కూడా ఆ కంప్యూటర్లో ఉండాదంట. బీడీ ముక్క పెడితే సాలు, తాగినోని పేరు చెబుతాది!” అన్నాను తమాషాకు.

“నిజమా దాసన్నా? బీడీ ముక్కైనా సాలునా?”

“సాలు. చేత్తో మాత్రం పట్టుకోవాకు, నీ పేరే చెబుతాది.”

అరుగంతా పడీపడీ నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

ఆ నవ్వు లోపల ఏముందో ఆమె తర్వాతెప్పుడో చెబితే తెలిసింది. గ్లాసులు తోముతూ తనలో తాను ఇట్లా అనుకుందట: చనిపోయే ముందురోజు చెల్లెలు నా తల దువ్వుతూ, అక్కా, మీ అరుగు మీదికి వచ్చేవాళ్లలో ఒకని చూపు బాగలేదు అంది. ఎవరే అంటే, బావ వింటాడు, రేపు చెప్తా అంది. ఆ రేపు రాలేదు. పోలీసులకు చెప్తానంటే, నా అరుగు పరువు తీస్తావా అని మొగుడు నోరు మూయించాడు. ఏడేళ్లుగా ఒక్కో గ్లాసూ అందిస్తూ ఆ ఒకడు ఎవడా అని మొహాలు చూస్తున్నా. మొహాలు ఏమీ చెప్పలేదు. ఎంగిలైనా చెబుతుందేమో. వీళ్ల ఎంగిలి నాకంటే ఎక్కువ ఎత్తిందెవరు? దాసన్నది తమాషానే కావచ్చు, కానీ పేపరు తమాషాకు అచ్చు వేయరు కదా.

మర్నాటి నుంచి పటకారుతో ఏరింది. మనిషికొక అగ్గిపెట్టె. రాయడం రాదు కాబట్టి ఒక్కోదాని మీద కాటుకతో ఒక గుర్తు. ఒక సోమవారం కంటి డాక్టరుకని చెప్పి కర్నూలు పోయి, అర్జీలు తీసుకునే పోలీసు మేడం ముందు ఐదు పెట్టెలు పెట్టి, చెల్లెలు అన్న మాట చెప్పింది.

మేడం నవ్వలేదు. “ఇవి కోర్టులో నిలవవమ్మా. నీ మాట నిలుస్తుంది” అంది. పాత మూట వెదికించి హైదరాబాదు పంపింది. కోర్టు ఆర్డరు తెచ్చి మా ఐదుగురికీ సూది గుచ్చి రక్తం తీయించింది.

ఆ మూటలోని బట్టల మీది గుర్తులతో ఉరుకుందప్పది కలిసింది. కమలాపురం దగ్గర ఇట్లే చెరిచి చంపిన ఇంకో కూలి ఆడమనిషి కేసు ఆ కంప్యూటర్లో ఏళ్లుగా దిక్కులేకుండా పడి ఉంది. అదీ అతనితోనే కలిసింది. లోడు దింపడానికి అక్కడికి పోయివచ్చేవాడు.

అతన్ని జీపు ఎక్కించిన రోజు సుంకప్ప అరుగు మీద ఎగిరాడు. “కట్టుకున్న మొగున్ని! నన్ను కూడా అనుమానించినావా?”

“ఏడేండ్లు మీరంతా సచ్చిన నా చెల్లెల్ని అనుమానించినారు. నేను మిమ్మల్ని ఐదు నెలలే.” ఆమె చాయ గిన్నె తెచ్చి అరుగు మీద పెట్టింది. “ఇంగ కావాల్సినోళ్లు పోసుకోండి. తాగినోళ్లు కడుక్కోండి.”

గొడవ చల్లార్చాలని నేను నవ్వుతూ అందుకున్నాను. “నా తమాషా నమ్మి ఎంత పని చేసినావు తల్లీ! అయినా నా పెట్టె మాత్రం ఊరికే, లెక్కకు పెట్టింటావులే.”

ఆమె నన్ను నిదానంగా చూసింది.

“మొదటి పెట్టె నీదే దాసన్నా. దాని మీద పండ్లు ఇకిలిస్తాండే నోరు గీసినా.”