పెద్దక్క తలపై ఎర్ర లైటు

పెద్దక్క నీళ్ళసీసా ఎత్తింది. మూత తీయకముందే తలపైన ఎర్ర లైటు వెలిగింది. సీసా దించేసి మళ్ళీ స్క్రూలు బిగించసాగింది. మా ఫ్యాన్ల కంపెనీలో దాహం కూడా నేరమే!

ఈ లైటు మా నెత్తికి మేం తెచ్చుకున్నదే. పోయిన నెల మా పని వేగం కొలవడానికి వచ్చిన స్టాప్‌వాచీ దొర మెరుపు వెనక నిలబడ్డాడు. మెరుపు అంటే మాలో చెయ్యి చురుకైన పిల్ల. ఎవరైనా చూస్తున్నారంటే ఊరుకుంటుందా? పందెం కాసినట్టు బిగించి పారేసింది. మేమూ ఈలలు వేశాం. దొర వాచీ నొక్కి నవ్వుకుంటూ పోయాడు. మర్నాటి నుంచి ఆ వేగమే అందరికీ కొలత, అందుకోలేకపోతే ఎర్ర లైటు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"రేపు కూడా ఎర్రగా వెలిగితే నువ్వు గేటు బయటే," అన్నాడు సూపర్‌వైజరు పెద్దక్కతో.

భోజనాల గదిలో అందరం పెద్దక్క చుట్టూ చేరాం.

"అంతా దీనివల్లే," ప్యాకింగు వదిన మెరుపు మీద విరుచుకుపడింది.

"రోజంతా అట్లా చెయ్యడం నా వల్ల మాత్రం అవుతుందా వదినా? మధ్యాహ్నానికే నా వేళ్ళు వంగట్లేదు," అంటూ మెరుపు ఏడ్చేసింది.

"ఏడుపు ఆపవే," అంది పెద్దక్క. "నువ్వు ఉరికింది ఒక్క పూట. బతుకంతా అట్లాగే ఉరకమన్నాడు చూడు, తప్పు వాడిది."

"అయితే ఏం చేద్దాం? వెళ్ళి కాళ్ళు పట్టుకుందామా?" అన్నాడు మెకానిక్ బాబాయి వెటకారంగా.

మెరుపు కళ్ళు తుడుచుకుంది. "లోపం కనబడితే ఎవరైనా తాడు లాగి లైను ఆపొచ్చని గోడమీద వాళ్ళే రాశారు కదా బాబాయ్?"

"ఎవడు లాగాడే ఇన్నేళ్ళలో? లాగినవాణ్ణి ఉంచుతారా?"

"ఒక్కళ్ళు లాగితే ఉంచరు. అందరం లాగితే?"

మర్నాడు పెద్దక్క లైటు మళ్ళీ ఎర్రబడింది. సూపర్‌వైజరు వచ్చి ఆమె గుర్తింపు కార్డు కోసం చెయ్యి చాచాడు. మెరుపు తన పక్కన వేలాడే తాడు లాగింది. లైను ఆగింది. ఆ నిశ్శబ్దానికి మాకు నిజంగా భయం వేసింది.

"ఏదీ లోపం?" అరిచాడు సూపర్‌వైజరు.

"మీ కొలతలో ఉంది సార్! నన్ను సాయంత్రం కొలవండి. పెద్దక్కని నీళ్ళు తాగనిచ్చి కొలవండి."

"నువ్వూ బయటికి పో!" అని అతను లైను మళ్ళీ తిప్పాడు.

ప్యాకింగు వదిన లాగింది. మళ్ళీ తిప్పాడు. బాబాయి లాగాడు. ఆ తరవాత ఎవరు లాగారో చెప్పలేను, అందరి చేతులూ తాళ్ళమీదే ఉన్నాయి. లైను పొడుగునా ఎర్ర లైట్లే.

కాపలావాళ్ళు వచ్చి మెరుపు రెక్క పట్టుకుని గేటువైపు ఈడ్చుకెళ్ళారు. మేమంతా లేచాం.

పెద్దక్క మాత్రం నిదానంగా సీసా మూత తీసి, కడుపునిండా నీళ్ళు తాగింది. మూతి తుడుచుకుంది.

"పదండే," అంది. "మన పిల్లని తెచ్చుకుందాం."