తెగిన సీలు

అనుభవం ఉందా అని అడగని మనిషి దొరకడానికి నోరీన్ కుబియాక్‌కు నాలుగు నెలలు పట్టింది. టొలీడోలో ఇరవై ఏడేళ్ళు పనిచేసిన బేకరీ మూతపడింది. మొగుడు వాల్టర్‌ను గాజు ఫ్యాక్టరీ వాళ్ళు అంతకుముందే ఇంటికి పంపేశారు. అర్జంటు సరుకు మోసే చిన్న లారీలకు మొగుడూ పెళ్ళాల జంట కావాలనీ, ఒకరు నడుపుతుంటే ఒకరు పడుకోవచ్చనీ విని, ఇద్దరూ యాభై దాటాక స్టీరింగు పట్టడానికి సిద్ధపడ్డారు. ఫోన్ చేసిన ప్రతిచోటా ఒకటే పాట, రెండేళ్ళ అనుభవం కావాలని. బండి ఇచ్చేవాడే లేకపోతే అనుభవం ఆకాశంలోంచి ఊడిపడుతుందా? ఆ మాట అడిగితే మాత్రం ఫోన్ పెట్టేసేవాళ్ళు.

చివరికి ఆర్డిస్ వెంగర్ దొరికింది. ఆవిడకు నాలుగు లారీలున్నాయి, నాలుగూ ఒక పెద్ద రవాణా కంపెనీ కింద తిరుగుతాయి. మనిషి గట్టిది, మాట మెత్తన.

"నా పూచీ మీద కంపెనీ ఒప్పుకుంది," అంది తాళాలు చేతిలో పెడుతూ. "మొదటి లోడు సరిగ్గా దించండి, బండి మీది. తేడా వచ్చిందా, వాళ్ళు మీ పేర్లు కొట్టేస్తారు బంగారం. అప్పుడు నేను కాళ్ళావేళ్ళా పడినా వినరు."

నోరీన్ ఆవిణ్ణి కౌగిలించుకుని ఏడ్చినంత పని చేసింది. ఆ సాయంత్రమే అద్దె ఇల్లు ఖాళీ చేశారు. లారీలో సీట్ల వెనకాలే పరుపు ఉంది కదా, ఇక ఇల్లెందుకని.

మూడు రోజుల శిక్షణలో నోరీన్ ముందు వరసలో కూర్చుంది. వాల్టర్ కునుకు తీస్తే మోచేత్తో పొడిచింది. లాగ్‌బుక్కు, బ్రేకులు, తూకాలు, ప్రమాదమైతే ఏం చేయాలి, వంద సంగతులు కుక్కి కుక్కి చెప్పారు. సరుకు బిగువుగా ఉందో లేదో మొదటి యాభై మైళ్ళలో ఒకసారి, తర్వాత మూడేసి గంటలకోసారి చూసుకోండని పదేపదే చెప్పారు. తలుపుకి సీలుంటే మాత్రం దాని జోలికి పోవద్దని ఒక్కసారి చెప్పారు, మూడోరోజు భోజనాల ముందు. చెప్పలేదని అనడానికి లేదు. చెప్పారు. వంద మాటల్లో ఆ ఒక్కటి ఎక్కడ జారిపోయిందో ఆమెకే తెలియదు.

మొదటి లోడు కొలంబస్‌లో దొరికింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పట్టే పాలపొడి డబ్బాలు, చెక్క పలకల మీద పేర్చి కట్టిన ఆరు పేలెట్లు. సెయింట్ లూయిస్‌లో ఒక పెద్దాసుపత్రి గోడౌనుకి మధ్యాహ్నం మూడింటికల్లా చేరాలి. తలుపులు మూసి, నంబరున్న ఒక నీలం ప్లాస్టిక్ పట్టీ గొళ్ళేనికి తగిలించి, ఆ నంబరే కాగితంలో రాసి ఇచ్చాడు అక్కడి మనిషి. పసిపిల్లల పాలట! నోరీన్‌కు ఒళ్ళు పులకరించింది. ఇంతకంటే మంచి మొదలు ఉంటుందా?

పొద్దున్నుంచి కంపెనీలో బండ్ల రాకపోకలు చూసే డిస్పాచర్‌కి మూడుసార్లు ఫోన్ చేసింది. బండి ఏ తలుపు దగ్గర పెట్టాలని ఒకసారి. డీజిల్ కార్డు పనిచేయట్లేదని ఒకసారి. దారిలో తినడానికి ఆగొచ్చా అని మూడోసారి. ట్రెంట్ అనే ఆ కుర్రాడు మూడోసారికి పెద్దగా నిట్టూర్చాడు.

"మేడమ్, తుమ్మొచ్చినా నాకే ఫోన్ చేస్తారా? తినండి తల్లీ, తినండి. నా పర్మిషన్ ఎందుకు?"

ఫోన్లో అతని వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నోరీన్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంక చచ్చినా ఫోన్ చేయకూడదనుకుంది.

ఇండియానాపొలిస్ దాటాక స్టీరింగు ఆమె తీసుకుంది. వాల్టర్ వెనక పరుపు మీద గుర్రు పెడుతున్నాడు. ఇలినాయ్‌లోకి వచ్చిన కాసేపటికి వెనక పెట్టెలోంచి చప్పుడు మొదలైంది. దడ్. మళ్ళీ కొంచెం ఆగి, దడ్. ఏదో కదులుతోంది. డబ్బాలు పడి సొట్టలు పోతే? పగిలితే? బేకరీలో పెళ్ళి కేకు పెట్టె మూత తీసి చూడకుండా ఆమె ఏనాడూ గడప దాటనివ్వలేదు. వాల్టర్‌ని లేపుదామా అనుకుంది. ఇప్పుడే పడుకున్నాడు పాపం. ట్రెంట్‌కి చేద్దామా అనుకుంది. ఆ నవ్వు గుర్తొచ్చింది.

లారీల స్టాపులో ఆపి, వంటింటి కత్తెరతో నీలం పట్టీ కత్తిరించింది. చివరి పేలెట్ కట్టిన బెల్టు వదులై ఉంది. ఎక్కి, ఒళ్ళంతా చెమట పట్టేలా బిగించింది. ఒక్క డబ్బాకి గీత కూడా పడలేదు. తలుపు మూసి, చేతులు దులుపుకుని, తన భుజం తనే తట్టుకోవాలన్నంత సంతోషంగా బండెక్కింది. లేచాక వాల్టర్ కూడా మెచ్చుకున్నాడు.

"నేనైతే నిద్రలో ఆ చప్పుడే వినేవాణ్ణి కాదు. నువ్వు గట్టిదానివే!"

సెయింట్ లూయిస్‌లో ఇరవై నిమిషాలు ముందే చేరారు. గోడౌన్లో సరుకు దించుకునేది రాయిస్ అనే పెద్దాయన, మెళ్ళో కళ్ళద్దాలు వేలాడుతున్నాయి. కాగితం చూశాడు. తలుపు చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"సీలు ఏదమ్మా?"

నోరీన్ జేబులోంచి రెండు ముక్కలూ తీసి గర్వంగానే చూపించింది. "లోపల బెల్టు వదులైతే నేనే బిగించాను."

ఆయన ఆ ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఎవరినైనా అడిగావా? కంపెనీకి చెప్పావా?"

"లేదండీ."

ఆయన తలుపు తెరిపించి టార్చి వేసి చూశాడు. అన్నీ నిలువునా, పొడిగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. టార్చి ఆర్పాడు.

"నా మనవరాలికైతే ఇప్పుడే ఒక డబ్బా విప్పి పట్టిస్తాను," అన్నాడు. "కానీ దించుకోలేనమ్మా. మధ్యలో తెరిచిన పాలు ఆ పిల్లల వార్డుకి పంపితే రేపు నన్నడుగుతారు. నువ్వేం కలపలేదని నాకు తెలుసు. కాగితానికి తెలియదుగా."

"అర్జంటన్నారు కదండీ! పిల్లలు..."

"ఇంకో బండి బయలుదేరుతుందిలే. అప్పటిదాకా ఉన్నవాటితో నెట్టుకొస్తారు."

తర్వాత గంటసేపు ఫోన్లు. ట్రెంట్ ఈసారి నవ్వలేదు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"ఒక్క ఫోన్ చేయాల్సింది మేడమ్. ఒక్కటి! పర్మిషన్ ఇప్పించి, కొత్త సీలు వేయించి ఉండేవాణ్ణి. ఐదు నిమిషాల పని."

వాల్టర్ ఫోన్ లాక్కుని అరిచాడు, బతిమాలాడు, మళ్ళీ అరిచాడు. అవతల ఎవరికీ కోపం లేదు. కోపం ఉంటే పోట్లాడొచ్చు. అందరూ అయ్యో అంటున్నారు, ఎవరి చేతిలోనూ ఏమీ లేదంటున్నారు.

ఆర్డిస్ ఆఖర్న చేసింది. "చెప్పాల్సినదంతా చెప్పి చూశాను బంగారం, వినలేదు, మీ పేర్లు కొట్టేశారు. బండి టొలీడోకి తెచ్చేయండి. ముందు ఆ సరుకు వాళ్ళు చెప్పిన చోట దించి రావాలి."

వాళ్ళు చెప్పిన చోటు ఊరి చివర, పనికిరాని సరుకుని నుజ్జు చేసే యార్డు. దారిలో ఎవరూ తీసుకోకుండా రాయిస్ కొత్త సీలు తగిలించాడు, ఈసారి ఎర్రది. యార్డులో చేతులకు తోలు గ్లౌజులేసుకున్న ఒకతను నంబరు సరిచూసి, సీలు కోసి, ఫోర్క్‌లిఫ్ట్‌తో పేలెట్లు దించాడు. పెద్ద ఇనప తొట్టి అడుగున నలగ్గొట్టే ఉక్కు పళ్ళు తిరుగుతున్నాయి.

"డ్రైవరు పక్కనే నిలబడి చూడాలండీ," అన్నాడతను. "చూసినట్టు సంతకం పెట్టాలి."

మొదటి పేలెట్ పడింది. డబ్బాలు చిట్లి తెల్లటి పొడి పైకి లేచింది. వాల్టర్ మొహం తిప్పుకున్నాడు.

"బాబూ," అంది నోరీన్, "ఒక్కటి... ఒక్క డబ్బా పక్కన పెట్టకూడదా? ఏ తల్లికైనా ఇస్తాను. నా కళ్ళముందు మొత్తం..."

అతను తలెత్తి కెమెరా వైపు చూపించాడు. "కుదరదమ్మా, ఒక్కటి తగ్గినా నా ఉద్యోగం పోతుంది. పోయిన నెలే చేరాను."

ఆ మాట తర్వాత నోరీన్ రెండడుగులు వెనక్కి వేసింది. ఆరో పేలెట్ దాకా రెప్ప వేయకుండా నిలబడి, అతను కాగితం బిగించిన అట్ట చాపితే అందుకుని, గుండ్రంగా తన పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. అతను కాగితం చింపి ఆమె కాపీ ఆమెకిచ్చాడు.

"అన్నీ సరిపోయాయండీ," అన్నాడు.